టబ్బు మూత మీది గీతలు

అన్న పోయి నాలుగు రోజులైందని మొన్న డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర క్లర్కు చెబితే నేను నమ్మలేదు. "ఏ అన్న? నీకెవరు చెప్పిండ్రు?" అని నిలదీశాను. నా తత్వమే అంత. "మన చేపలన్ననే మేడం. నిద్రలనే పోయిండంట," అన్నాక ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అన్న మా జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను ఇక్కడే రీసెర్చ్ చేసి ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. నేను చేరిన కొత్తలో, దుకాణం నుంచి గోల్డ్‌ఫిష్ వస్తే ఆయన వాటిని పెద్ద తొట్టి దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. వరండాలో నీలం టబ్బులో ఇరవై ఒక్క రోజులు విడిగా ఉంచేవాడు. దానికి వల కూడా వేరే. ఆ వల పొరపాటున పెద్ద తొట్టిలో పడితే ఆ రోజు మాకు మూడినట్టే.

"మంచిగనే ఉన్నయ్ కదన్నా," అనేదాన్ని.

"కొత్తల అన్నీ మంచిగనే ఉంటయమ్మా. రోగం లోపల ఉంటది. పది దినాలకు బయటవడ్తది."

రోజూ పొద్దున్నే టార్చి వేసి చూసేవాడు. రెక్కలు ఒంటికి అతుక్కున్నాయా, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయా, గాలి కోసం పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలున్నాయా? అన్నీ చూశాక మూత మీద సుద్దముక్కతో ఒక గీత. ఏ రోజైనా రాలేకపోతే ఆ రోజుకు గీత ఉండేది కాదు. "చూడని దినం లెక్కల రాదు," అనేవాడు.

ఆయన చేపల్ని అనుమానించేవాడు, నేను ఆయన్ని. టబ్బులో పన్నెండు వేస్తే చివరికి తొమ్మిదే మిగిలేవి. మిగతావేవని అడిగితే, "తొట్టిల పనికిరావమ్మా," అని ఊరుకునేవాడు. చచ్చిన చేప ఒక్కటీ నా కంటబడలేదు. ఓ సాయంత్రం స్టీలు క్యాన్ పట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు. మూత సందులోంచి నీళ్లు చిందుతున్నాయి. ఇంకేముంది, చేపలు అమ్ముకుంటున్నాడని తేల్చేశాను. మర్నాడే మా గైడ్ మేడం చెవిన వేశాను. ఆవిడ గొడవ చేయకుండా తొట్టి గది తాళంచెవి ఆయన దగ్గర తీసుకుని నాకిచ్చింది. ఎందుకని అన్న అడగలేదు. "రెక్కలు చూస్కోమ్మా," అన్నాడంతే.

నాకేమో ప్రయోగానికి తొందర. తర్వాత వచ్చిన చేపల్ని ఆరో రోజే పెద్ద తొట్టిలో వదిలేశాను. చలాకీగా తిరుగుతున్నాయి మరి. వారం తిరిగేసరికి పాతవీ కొత్తవీ అన్నిటికీ తెల్లచుక్కలు. పిలవకుండానే అన్న వచ్చాడు. నీళ్లు మార్చాడు, మందు కలిపాడు. సగం దక్కాయి.

"ఎన్ని గీతలైనయమ్మా?" అన్నాడు.

"ఇరవై ఒకటి," అన్నాను, ఆయన మొహం చూడకుండా.

ఆరు గీతలతో మూత మా ఇద్దరి ముందే ఉంది. మేడం చెప్పుల చప్పుడు వినగానే అన్న తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచేశాడు. నన్ను కాపాడటానికా, లేక అలవాటు కొద్దీ తర్వాతి చేపల కోసమా? ఇన్నేళ్లూ ఈ అనుమానం నన్ను వదల్లేదు. తీర్చుకోవాలంటే ఆయన్ని అడగాలి, అడగాలంటే నా అబద్ధమూ తాళంచెవి సంగతీ ఒప్పుకోవాలి. రిటైరైన రోజు దండ వేసి కూడా నోరు విప్పలేకపోయాను. నాకు సిగ్గేసింది.

మొన్న కబురు వినగానే తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. వదిన నన్ను పట్టుకుని ఏడ్చి, తర్వాత బాల్కనీలోకి తీసుకెళ్లింది. అక్కడ గాజు తొట్టిలో ఒక చేపకు వెన్ను వంకర, ఒకదానికి కన్ను లేదు. సగం తోక ఊడిన నారింజ రంగు దాన్ని చూడగానే గుర్తుపట్టాను. అప్పట్లో మా టబ్బులోంచి మాయమైన వాటిలో అదొకటి.

"గాడ ఉంటే పారేస్తరని తెచ్చి సాదుకున్నడు," అంది వదిన.

పక్కన ఇంకో టబ్బు, మూత మీద పద్నాలుగు గీతలు.

"మీ అన్న పోయి నాలుగు దినాలాయె. గవి గూడ గీయాల్నా చెల్లె?"

"ఈ నాలుగు దినాలు ఎవరన్నా మూత తీసి చూసిండ్రా వదినా?"

"ఎవరికి సోయి ఉన్నది?"

"అయితే గీయొద్దు."

టార్చి అడిగి తీసుకుని వంగి చూశాను. ఐదు చేపలు, రెక్కలు విప్పుకునే ఉన్నాయి. అయినా నమ్మలేదు, మళ్లీ చూశాను. అలా వంగే, "వదినా, అన్న దగ్గరి తాళంచెవి నావల్లనే పోయింది. ఆ రోజు గీతలు గూడ ఆరే," అన్నాను.

వదిన కిటికీ వైపు తిరిగింది.

"తాళంచెవి ముచ్చట ఎన్నడూ ఎత్తలే. గీతలది మాత్రం ఆ రోజే చెప్పిండు. 'పిల్ల బాగ భయపడ్డది, తుడిచేసిన' అన్నడు."

కిటికీలోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది. అరిగిపోయి గోరంత మిగిలింది. పదిహేనో గీత గీసి, మూత పెట్టి, రేపు పొద్దున్నే వస్తానని చెప్పాను.