బోడి కారు ఖరీదు

నా చిన్నప్పుడు పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక ఇంగ్లండు ఇంజనీరు తిరిగి వెళ్తూ తన కారును డ్రైవరుకు ఇచ్చిపోయాడు. ఆ డ్రైవరు మా తాతయ్య. ఎర్రటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైకప్పు లేదు. లక్డారం అవతల మా ఊళ్లో దాన్ని అందరూ బోడి కారు అనేవాళ్లు.

ఒకసారి హైదరాబాదు నుంచి పాత కార్లు కొనే పెద్దమనిషి వచ్చాడు. చుట్టూ తిరిగి, తాతయ్య బిగించిన లారీ హారన్‌ను, స్కూటరు లైటును చూసి మొహం చిట్లించాడు. అసలు సామాను పోయిందట, పైగా ఈ రకం బండ్లు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతాయట, దీనికి విలువే లేదట. తాతయ్య నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ వారమే పక్కింటి అక్క పెళ్లి. బరాత్ బోడి కారులోనే అని తాతయ్య మాటిచ్చాడు. పైకప్పు లేదు కాబట్టి పెళ్లికూతురు, పెళ్లికొడుకు సీట్ల వెనకాల డిక్కీ మీద ఎత్తుగా కూర్చుంటే ఊరంతా కళ్లారా చూడొచ్చు. అసలు గొడవ అదే. దారిలో మా ఊరి భూస్వామి, దొర ఉండే గడి ఉంది. దాని ముందు మా వాడవాళ్లు ఎవరైనా బండి దిగి, చెప్పులు చేతబట్టుకుని నడవాలి. డప్పు ఆపి, జంట దిగి నడిచిపోవాలని దొర ముందే కబురు పంపాడు. అక్క పొద్దుటి నుంచీ ఏడుస్తూనే ఉంది.

"పెండ్లినాడు గూడ దిగాల్నా తాతా?" అని అడిగింది. తాతయ్య కారు తుడుస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా బరాత్ కదిలింది. నేను రెండో సీట్లో, తాతయ్య పక్కన. సరిగ్గా గడి ముందుకు రాగానే కారు గుర్రుమని ఆగిపోయింది. దొర మనుషులు కర్రలు పట్టుకుని వచ్చారు. అక్క భయంతో కాలు కింద పెట్టబోయింది.

"కూసో బిడ్డా, దిగకు," అన్నాడు తాతయ్య. తర్వాత కర్రలవాళ్ల వైపు తిరిగి అమాయకంగా, "ఏం జెయ్యాలె తమ్మీ, ఇంగ్లీషు బండి. నూకితెనే కదుల్తది. జెర చెయ్యి వెయ్యుండ్రి," అన్నాడు.

డప్పు ఆగలేదు, ఇంకా హుషారెక్కింది. మావాళ్లలో ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. తాతయ్య తాపీగా బానెట్ ఎత్తి చూస్తున్నాడు. అక్క అలా గడికి ఎదురుగా, ఎత్తు మీద కూర్చునే ఉంది. మేడ మీద దొరకు ఓపిక పోయింది.

"ఏం సూస్తున్రురా? నూకుండ్రి జల్దీ!" అని తన మనుషుల మీద అరిచాడు.

తోశారు. కర్రలు పడేసి, భుజాలు ఆనించి, అక్కను, బావను కారు మీదే గడి దాటించారు. మలుపు తిరగ్గానే తాతయ్య తాళం తిప్పాడు, ఇంజను వెంటనే అందుకుంది. నేను నోరు తెరిచి చూశాను.

"ఎక్కడ ఆగాల్నో దీనికి తెల్సు," అంటూ లారీ హారన్ బర్రుమని మోగించాడు. దొర చాలాకాలం పళ్లు నూరాడు గానీ, ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ మా వాడ జంట అక్కడ దిగలేదు.

ఆ కారు ఇప్పటికీ మా రేకుల షెడ్డులో ఉంది. ఫోన్లలో ధరలు చూపిస్తూ కొనేవాళ్లు వస్తుంటారు. ఆ హారన్ తీసేస్తే ధర ఇంకా బాగా పలుకుతుందని సలహా ఇస్తారు. తియ్యను, అమ్మను. బడిలోనూ, తర్వాత ఫ్యాక్టరీలోనూ ఎవరైనా నన్ను తల వంచుకుని తొందరగా దాటిపొమ్మంటే, నేను సరిగ్గా అక్కడే ఆగాను. ఇప్పుడూ ఆగుతాను. అంత అడ్డమనిపిస్తే వాళ్లే తోసుకోవాలి. నేను మాత్రం దిగను.