అద్దంలో నక్షత్రం గీసిన రోజు

మా ఆవిడకు సైకాలజీ ఎక్కలేదని, అందుకే మొదటి ఏడాదితోనే చదువు మానేసిందని ఏడేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఆఫీసులో చెప్పాను, చుట్టాల పెళ్ళిళ్ళలో చెప్పాను, ఆవిడ పక్కన కూర్చుని ఉండగా కూడా చెప్పాను. అది నిజం కాదు. అప్పుడు ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మేముండేది హనుమాన్ జంక్షన్‌లో. మా ఆఫీసులో పై మెట్టు ఎక్కాలంటే డిగ్రీ ఉండాలన్నారు. నా చదువు ఇంటర్‌తో ఆగింది. నలభై మూడో ఏట దూరవిద్యలో బి.ఎ.కు కట్టాను. విజయవాడలో ఒక కాలేజీలో ఆదివారాలు క్లాసులు. సబ్జెక్టుల్లో సైకాలజీ ఏరుకున్నాను. అందులో పెద్దగా లెక్కలుండవన్నారు. పైగా ఎదుటి మనిషిని ఇట్టే చదివేయగలనని నా గురించి నాకు గట్టి నమ్మకం.

ఆవిడను కూడా నాతోపాటు చేర్పించాను. పెళ్ళాన్ని చదివిస్తున్నాడని నలుగురూ మెచ్చుకుంటే కాదనలేదు. అసలు సంగతి వేరు. సైకాలజీకి ప్రాక్టికల్స్ ఉంటాయి. చేసిన ప్రతి ప్రయోగాన్నీ పట్టికలు, బొమ్మలతో సహా రికార్డు పుస్తకంలో రాయాలి. నా రాత నాకే అర్థం కాదు, ఆవిడది అచ్చు గుద్దినట్టుంటుంది. క్లాసులో నోట్సు, ఇంటి దగ్గర ఇద్దరి రికార్డులూ ఆవిడే రాస్తుంది. ప్రయోగాలకు జోడీ కావాలి, అదీ ఇంట్లోనే దొరుకుతుంది. ఆవిడను చేర్పించింది ఇందుకు.

మొదటి నెల బాగా గడిచింది. పుస్తకంలో చదివిన ప్రతి జబ్బునూ జంక్షన్‌లో ఎవరో ఒకరికి అంటగట్టాను. టీకొట్టు ఆయనకు ఆత్మన్యూనత, మా పక్కింటాయనకు అనుమాన రోగం, మా పై అధికారికి చిన్నప్పుడు తల్లి గారాబం ఎక్కువైంది. క్లాసులో కైకలూరు వైపు నుంచి వచ్చే చేపల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. వారమంతా చేపల పెట్టెలు లారీలకెత్తించి, ఆదివారం పొద్దున్నే తలంటుకుని వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. నాకు ఆ పిలుపు బాగుండేది.

రెండో నెలలో ఒక ఆదివారం పాఠం చెప్పే మేడం, సంవేదనకూ ప్రత్యక్షానికీ తేడా ఏమిటని అడిగారు. నేను లేచి పుస్తకంలో ఉన్న నిర్వచనాలు రెండూ పొల్లుపోకుండా అప్పజెప్పాను. మేడం తలూపి మా ఆవిడ వైపు చూశారు.

"బస్సు మోత అందరికీ వినబడుతుందండి," అంది ఆవిడ లేచి. "అది మా ఊరి బస్సని తెలియడం వేరండి."

మేడం ఆ రెండు మాటలనూ బోర్డు మీద రాయించారు. నేను చెప్పింది రాయించలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆవిడ సంచిలోంచి జామకాయ తీసి సగం కోసి ఇస్తే ఆకలి లేదన్నాను. ఆకలి దంచేస్తోంది. గన్నవరం దాటేదాకా ఆవిడ నములుతున్న చప్పుడు వింటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నేను చేసినవి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మేడం ఎన్నిసార్లు ఆవిడ వైపు చూశారో, ఎన్నిసార్లు నా వైపు చూశారో లెక్కపెట్టేవాణ్ణి. మేడం ఆవిడను ముందు బెంచీలో కూర్చోమన్నారు. నేను వెనక బెంచీలోంచి ఆవిడ జడను చూస్తూ, ఇరవై ఏళ్ళుగా చూస్తున్న జడే అయినా, ఎవరో పరాయి మనిషిదన్నట్టు చిరాకు పడేవాణ్ణి. ఆవిడకు చదువుకునే తీరిక దొరక్కుండా శనివారం సాయంత్రాలు చుట్టాలను భోజనానికి పిలవడం మొదలుపెట్టాను. ఆవిడ పుస్తకాన్ని కందిపప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుని, బీరకాయలు చెక్కు తీస్తూ చదువుకునేది. ఒక వారం ఆవిడ పుస్తకాన్ని పొరపాటున పెట్టుకున్నట్టు నా ఆఫీసు సంచిలో పెట్టుకుపోయాను. ఆవిడ నా పుస్తకం తీసి చదువుకుంది.

ఉద్వేగాల పాఠంలో ఈర్ష్య గురించి ఒక పేరా ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన మా పై అధికారి పేరులోని మొదటి అక్షరం రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది, ఆ అక్షరమూ ఉంది.

ఇక అద్దం ప్రయోగం. మనిషి కొత్త పనిని ఎలా నేర్చుకుంటాడో చూడటానికి చేస్తారు. కాగితం మీద నక్షత్రం బొమ్మ ఉంటుంది, ఒకదానిలో ఒకటిగా రెండు గీతలతో. ఆ రెండు గీతల సందులో పెన్సిల్ నడపాలి. గీతకు తగిలితే ఒక తప్పు. మన చెయ్యి మనకు కనబడకుండా అడ్డంగా ఒక చెక్క తెర ఉంటుంది. చెయ్యీ, బొమ్మా ఎదురుగా నిలబెట్టిన అద్దంలోనే కనబడతాయి. జోడీలో ఒకరు గీస్తారు, రెండోవారు వాచీ చూసి, తప్పులు లెక్కపెట్టి రాసుకుంటారు.

ముందు నేను గీశాను. మొదటి మూలకే పెన్సిల్ మొరాయించింది. పైకి పొమ్మంటే కిందికి, కిందికి పొమ్మంటే పైకి పోతుంది. చెమట పట్టింది. మొదటిసారి ముప్పై ఎనిమిది తప్పులు, ఆఖరుసారికి పదకొండు. ఆవిడ రాసుకుని, "అందరికీ ఇంతేనటండీ," అంది. ఆ ఓదార్పుకు నాకు ఇంకా మండింది.

తర్వాత ఆవిడ కూర్చుంది. నేను వాచీ పట్టుకుని ఆవిడ భుజం వెనకాల నిలబడ్డాను. ఆవిడ అద్దంలోకి ఒక్క క్షణం చూసి, పెన్సిల్ ఆనించి, ముగ్గు వేసినంత తేలిగ్గా నక్షత్రం చుట్టూ తిప్పుకొచ్చేసింది. రెండు తప్పులు. రెండోసారి ఒక్కటీ లేదు. ఆ పైన చేసినవన్నీ సున్నాలే. పక్క బల్లల వాళ్ళు లేచొచ్చి చుట్టూ మూగారు.

చేపల వ్యాపారి నా చెవి దగ్గరికి వంగాడు. "గురువుగారూ, ఇంటికాడ పాఠం ఎవరు ఎవరికి చెబుతున్నారండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేడం వచ్చి కాగితాలన్నీ తిప్పి చూసి, ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారు. మా నాన్న దగ్గరండి, అంది ఆవిడ. మా మామగారిది పెడన. గుడ్డల మీద అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవారు. అచ్చు మీద ఎడమకు తిరిగిన చిలక గుడ్డ మీద కుడికి తిరుగుతుంది. అందుకని చెక్క మీద అంతా తిరగేసి గీయాలి, గీసింది సరిగ్గా ఉందో లేదో అద్దంలో చూసుకోవాలి. చిన్నప్పుడు అద్దం ఎదురుగా పెట్టుకుని ఆ గీతలు దిద్దే పని మా ఆవిడది. ఇరవై ఏళ్ళలో ఈ సంగతి నేనెప్పుడూ అడగలేదు, ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మేడం సంబరపడిపోయారు. చేతికి ముందే అలవాటున్న మనిషి ఫలితం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలన్నారు. ప్రాక్టికల్ పరీక్ష రోజు మధ్యాహ్నం, ఆ కాలేజీలో రోజూ చదివే పిల్లల ముందు ఆవిడ పది నిమిషాలు మాట్లాడాలి, నాన్నగారి అచ్చులు తెచ్చి చూపించాలి. అది బాగా జరిగితే రెండో ఏడాది నుంచి ప్రాక్టికల్స్‌లో తనకు సాయంగా ఉండమని అడిగారు. ఆవిడ ఆ వారమే పెడన వెళ్ళి మూడు అచ్చులు పాత చీరలో చుట్టి తెచ్చుకుంది. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఆ పది నిమిషాల మాటలు మెల్లగా వల్లించుకునేది. నేను టీవీ గొంతు పెంచేవాణ్ణి.

పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఒకాయన వచ్చాడు. జోడీలుగా లోపలికి పిలుస్తున్నాడు. మేడం అవతలి గదిలో ఉన్నారు. ఆయన నా రికార్డు తిప్పుతూ అద్దం ప్రయోగం దగ్గర ఆగాడు. వాచీ పట్టి ప్రయోగం చేయించినవాణ్ణి నేను కాబట్టి, ఆవిడ గీసిన లెక్కలు నా రికార్డులో ఉన్నాయి. ఆ రికార్డు రాసిందీ ఆవిడే.

"మొదటిసారి రెండు, ఆ తర్వాతన్నీ సున్నాలా? ఇలా రాదే," అన్నాడు. "తెర పైనుంచి చూసుంటారు. దగ్గరున్నది మీరే కదా, మీరేం చూశారు?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆవిడ మెడ కూడా ఎత్తలేదు సార్, అని.

"నేను వాచీ చూసుకుంటున్నానండీ," అన్నాను. "ఆవిడ ఎటు చూసిందో గమనించలేదు."

"ఇప్పుడు మళ్ళీ గీసి చూపిస్తానండి," అంది ఆవిడ వెంటనే. అద్దం ఆ మూల బల్ల మీదే ఉంది.

ఆయన గుమ్మం అవతల నిలబడ్డ జోడీల బారును చూసి, నా వైపు తిరిగి, అవసరమంటారా అన్నాడు.

"బయట ఇంకా చాలామంది ఉన్నారు కదండీ," అన్నాను.

ఆయన ఎర్ర పెన్ను తీసి ఆ పేజీ మీద ఆ మూల నుంచి ఈ మూలకు గీత కొట్టాడు. గీత ఆవిడ రాత మీద పడింది. ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. దాచను. 

మధ్యాహ్నం మేడం ఆ పేజీ చూసి, ఏం జరిగిందమ్మా అని అడిగారు. ఆవిడ నా వైపు చూసింది. నేను సంచి జిప్పు లాగుతున్నాను. పరీక్షాధికారి కొట్టేసిన ప్రయోగాన్ని పిల్లల ముందు పెట్టలేనని, ఇంకోసారి చూద్దామని మేడం అన్నారు. మా ఆవిడ ఆ అచ్చుల మూటను విప్పకుండానే, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెనక్కి తెచ్చుకుంది. తర్వాతి వారం వాటిని తిరిగి ఇవ్వడానికి ఇద్దరం పెడన వెళ్ళాం. చూపించావామ్మా, పిల్లలేమన్నారు అని మా మామగారు ఆత్రంగా అడిగారు.

"చూపించాను నాన్నా. బాగున్నాయన్నారు," అంది.

నేను పక్కనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. ఆయన రెండేళ్ళ కిందట పోయారు, ఆ మాట నమ్మే పోయారు.

ఆవిడ పరీక్ష ప్యాసయింది. రెండో ఏడాదికి మాత్రం మీరు వెళ్ళి రండి అంది. నా రికార్డులు మిగతా రెండేళ్ళూ ఆవిడే రాసి పెట్టింది. నాకు డిగ్రీ వచ్చింది, పై మెట్టూ వచ్చింది. ఆవిడ ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగితే ఎక్కలేదు అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉండేది.

మొన్న ఆదివారం మా మరదలి కూతురు భోజనానికొచ్చింది. విజయవాడలో డిగ్రీ చదువుతోంది, సైకాలజీయే. అన్నం తింటూ అద్దం ప్రయోగాన్ని తిట్టిపోసింది. కాలేజీలో తన జోడీ మానేసిందట, లెక్కల పట్టిక ఖాళీగా ఉందట, బయటివాళ్ళెవరి చేతనైనా గీయించి తెమ్మన్నారట. మా ఆవిడ చెయ్యి కడుక్కుని, గోడకున్న అద్దం దించి, బియ్యం డబ్బాకు ఆనించి, దాని ముందు నేల మీద కూర్చుంది. పిల్ల తన నక్షత్రం కాగితం పరిచి, అట్టముక్క అడ్డం పట్టుకుంది. ఏడేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు.

పిల్ల నోరు తెరిచి చూసింది. "పెద్దమ్మా, ఇంత వచ్చినదానివి ఎందుకు మానేశావు?"

"మీ పెదనాన్ననడుగు," అంది మా ఆవిడ, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

పిల్ల నా వైపు తిరిగింది. సిద్ధంగా ఉండే మాట ఆ పూట రాలేదు. పైన రాసినదంతా నిలబడే చెప్పాను, ఇంత వరసగా కాదు. ఎర్ర గీత దాకా చెప్పి, ఆవిడ అటూ ఇటూ చూడలేదని నాకు తెలుసు, అని ఆగాను. పిల్ల తల వంచుకుని పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంది.

"వాచీ చూసుకుంటున్నానన్నారు ఆ రోజు ఆయనతో," అంది మా ఆవిడ. "మీరు వాచీ చూడలేదండీ. నా చెయ్యినే చూస్తున్నారు. అద్దంలో నక్షత్రానికి పైన మీ మొహం కనబడుతూనే ఉంది. నాకు తప్పులు రెండూ అప్పుడే పడ్డాయి."

  తప్పయిపోయింది అని పిల్ల ముందే అన్నాను. ఆవిడ గీసిన కాగితాన్ని పక్కకు జరిపింది.

రికార్డుకు పదిసార్లు గీయాలి. కొత్త కాగితం తీసి, ఇందాకటిది లెక్కలోకి రాదు, మొదట్నుంచి గీస్తాను అంది. పిల్ల అట్టముక్క పట్టుకోవాలి, తప్పులు రాసుకోవాలి, వాచీకి చెయ్యి చాలడం లేదు. నేను ఫోన్‌లో వాచీ తెరిచి, అలవాటుగా ఆవిడ వెనక్కి నడిచాను.

"వెనకాల వద్దు," అంది ఆవిడ. "ఎదురుగా కూర్చోండి."

అద్దం అవతల, బియ్యం డబ్బా పక్కన నేల మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి నాకు నక్షత్రం కనబడదు, ఆవిడ చెయ్యీ కనబడదు. ఆవిడ కళ్ళు మాత్రం కనబడతాయి. పదిసార్లు గీసింది. ఆ కళ్ళు అద్దం మీంచి ఒక్కసారి కూడా కదలలేదు. పట్టిక నిండాక సాక్షిగా కింద సంతకం పెట్టమని పిల్ల పెన్ను ఇచ్చింది. ఏం చూశారో అది కూడా రాయండి, అంది మా ఆవిడ, అద్దాన్ని మళ్ళీ మేకుకు తగిలిస్తూ. సంతకానికి పైన, ఆవిడ మెడ కూడా ఎత్తలేదు అని నా వంకర రాతతోనే రాశాను.