ముత్తాత తుపాకికి దొరికిన ధర

బోరబండ ఓంకార్ పాత తుపాకులకు విలువ కట్టడంలో పెద్ద మొండివాడు. ఎవరి తాతదైనా సరే, ముందు గొట్టంలోకి సన్నటి ఇనుప చువ్వ దించి చూడందే ధర చెప్పడు. చువ్వ అడుగుదాకా దిగకపోతే లోపల మందు కూరి ఉన్నట్టే.

సకల జనుల సమ్మె రోజులు. మాదాపూర్‌లో నడిరోడ్డు మీద వంటావార్పు. ఓంకార్ బగార అన్నం కలుపుతున్నాడు. ఆగిపోయిన కారులోంచి కూకట్‌పల్లి కిరణ్ పాల్ తుపాకితో దిగాడు.

“మీ ఇంటికే బయల్దేరానండి. మా ముత్తాతగారి రైఫిలు. లక్షలు చేస్తుందటండి.”

“రైఫిలైతే గొట్టం లోపల మెలికల గాట్లుంటయ్. ఇది నున్నగున్నది, నాటుది!” అంటూ ఓంకార్ పొయ్యి పక్కనే చువ్వ దించాడు. అది సగంలోనే ఆగిపోయింది.

“వామ్మో, మందున్నది! పొయ్యి ఆర్పుర్రి!”

పొద్దుటినుంచి పోలీసులు ఎంత బతిమాలినా కదలని జనం క్షణంలో మాయమయ్యారు. ఓంకార్ గొట్టంలో బిందెడు నీళ్లు పోశాడు. కందిరీగల మట్టిగూడు కరిగి కారింది.

“పాత ఇనుము ధర గూడ రాదు, తీస్కపో!” అని కసిరాడు.

ఖాళీ రోడ్డును మురిపెంగా చూస్తున్న ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి కిరణ్ పాల్‌ను అడిగాడు: “ఎంతకిస్తరు?”