రంగు తిన్న క్రిములు

పక్కింట్లో నూలుకు అద్దే రసాయనపు రంగునీళ్లు ఇంకి నాగమ్మత్త బావి ఎర్రబడింది. ఆమె ఎద్దులు ఆ నీళ్లలో మూతి పెట్టడం మానేశాయి. బి.ఎస్సీ. చదివిన నేను ఊరుకుంటానా? మురుగు బురదలోని క్రిములు రంగును తింటాయని ప్రకటించి, బావినీళ్లలో బురద కలిపి కుండకు మూతపెట్టి వారం ఉంచాను. ఈ రోజు చెంబులోకి వడగడితే నీళ్లు తేటగా వచ్చాయి!

"శానా బాగుండాయప్పా! ఎద్దులకు పెట్టేదా?" అంది అత్త.

"రంగయితే పోయిందత్తా. విషం పోయిందో లేదో తెలీదు."

"నాకుండేది రెండే ఎద్దులు. ముందు నువ్వు తాగి చూడు నాయనా."

నేను తాగలేదు. ఆమె ఎద్దులను తోలుకొని ఎండలో దూరాన పారే వంకకు బయలుదేరింది.

చెంబు ఇంకా నా చేతిలోనే ఉంది. విజ్ఞానశాస్త్రంపై నాకన్నా నమ్మకమున్న మిత్రులెవరైనా వచ్చి ఓ గుక్క తాగిపోగలరా?