ఏ ఊరని అడిగిన పాపానికి

నా చిన్నప్పుడు బళ్ళారి సత్యనారాయణపేటలో మా ఇంటి ముందుగదే మా తాత ఆఫీసు. తరతరాలుగా బజారులో గుడ్డలు అమ్ముకున్న వంశంలో నల్లకోటు తొడిగింది ఆయనొక్కడే. కేసు కోసం వచ్చినవాళ్ళు బయట అరుగు మీద కూర్చునేవారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తాత తలుపు మూసేవాడు. ఆ తలుపు వెనక విన్నది భోజనాల దగ్గర కూడా ఆయన నోటి నుంచి రాలేదు. ఎవరి గొడవ ఏమిటని అడిగితే అన్నం చల్లారిపోతోందనేవాడు.

మా అవ్వ దీనికి పూర్తిగా విరుద్ధం. ఆమె పుట్టింటివాళ్ళదీ గుడ్డల కొట్టే. మా బజారులో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాడిది ఏ ఊరో, ఎవరి ఇంటివాడో అడగకుండా గుడ్డ తాను విప్పరు. ఊరు తెలిశాక, మీ ఊరివాళ్ళు మొన్ననే వచ్చి పోయారని ఒక మాటంటే చాలు, వాడు సగం చుట్టమైపోతాడు. బేరం తరవాతి సంగతి. ఆ మర్యాదను అవ్వ వకీలు ఇంటి అరుగు మీదికి కూడా తెచ్చింది. కాఫీ గ్లాసు చేతికిచ్చి ఊరు అడిగేది. తాత ఒకటి రెండుసార్లు వద్దని చూశాడు. మనిషి గడప తొక్కితే ఊరడగడం కూడా తప్పేనా అని అవ్వ ఆయన్నే కసిరింది. నిజం చెప్పాలంటే నాకూ అందులో తప్పు కనపడలేదు.

ఒకరోజు దేశనూరు నుంచి ఒక ఆమె వచ్చింది. భుజానికి కట్టు ఉంది, కట్టు మీదికి రక్తం ఊరుతోంది. మొగుడు కొడవలితో వేశాడనీ, విడాకుల కోసం వచ్చిందనీ మాకు తరవాత తెలిసింది. మర్నాడు తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి అరుగు మీద ఒద్దికగా కూర్చున్నాడు. అవ్వ కాఫీ ఇచ్చి అలవాటుగా ఊరు అడిగింది. దేశనూరు అన్నాడు.

"మీ ఊరామె నిన్ననే వచ్చిండె కదప్పా. భుజానికి కట్టు కట్టుకోనుండె, పాపం. మీకేమన్నా అయితాదా?"

అవుతుందన్నాడు. ఏమవుతుందో చెప్పలేదు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, తాతను కలవకుండానే వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అని అవ్వ మెచ్చుకుంది కూడా.

ఆ మర్యాదస్తుడే ఆమె మొగుడు. మరుసటి పొద్దున ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్ళ చేతుల్లో కట్టెలు, ఇతని నడుములో కొడవలి. లోపలికి వచ్చి వీధి తలుపు గడియ పెట్టారు. నేను తాత బల్ల పక్కన నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. లేవబోతే ఒకడు కాలితో తోశాడు. తల వెళ్ళి గోడకు తగిలింది.

"లాయరప్పా, అది యాడుండాదో సుమ్నే, గమ్మున చెప్పెయ్. నీతో మాకు జగడం లేదు," అన్నాడు మొగుడు.

"చెప్పను," అన్నాడు తాత.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. కళ్ళజోడు ఎగిరి పోయింది. రెండోది వీపు మీద కట్టెతో. తరవాత బీరువా అద్దాలు పగలగొట్టి, కాగితాల కట్టలన్నీ కిందికి లాగి తిరగేశారు. ఆమె ఎక్కడుందో ఏ కాగితంలోనూ లేదు. దాంతో ఇంకా రెచ్చిపోయారు. ఒకడు తాత కుడిచేతిని బల్ల మీద పరిచి అదిమిపట్టాడు. మొగుడు కట్టె ఎత్తి వేళ్ళ మీద కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. తాత అంత గట్టిగా అరవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. అరుపు ఆగాక మళ్ళీ అడిగారు. చెప్పననే అన్నాడు.

చెప్పెయ్ తాతా అని నేను లోపల్లోపల ఏడుస్తున్నాను. ఆ దేశనూరు ఆమె నాకేమవుతుంది? తాత నావాడు. ఆ వయసులో నాకు తెలిసిన న్యాయం అంతే.

అవ్వ ఒకసారి నడింటి గుమ్మంలోకి వచ్చింది. కొట్టేవాణ్ణి చూసింది, నిన్నటి తెల్లచొక్కాను గుర్తుపట్టింది, వెనక్కి పరుగెత్తింది. పారిపోయిందనే అనుకున్నాను. అంతలో మొగుడు నా జడ పట్టి లేపి, మెడకు కొడవలి ఆనించాడు. దీన్ని కోస్తే చెప్తావా అని అడిగాడు. తాత కళ్ళలో భయం చూడటం నాకు అదే మొదలు.

అవ్వ పొయ్యి మీద మరుగుతున్న పాలగిన్నెను కొంగుతో పట్టుకుని వచ్చి, వెనక నుంచి వాడి తల మీద కుమ్మరించింది. వాడు పశువులా అరుస్తూ పడ్డాడు. కొడవలి కొస నా చెవి కింద చీల్చుకుంటూ పోయింది. మిగిలిన ఇద్దరూ దిమ్మెరపోయి చూస్తుండగానే అవ్వ గడియ లాగి, తెలుగూ కన్నడమూ కలిపి కేకలు పెట్టింది. వీధి వీధంతా వచ్చి పడింది. పోలీసులు వచ్చేదాకా మావాళ్ళు వాళ్ళను ఊరికే కూర్చోబెట్టలేదు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

ఆసుపత్రిలో నా చెవి కింద కుట్లు వేశారు, తాత చేతికి పిండికట్టు వేశారు. ఇంతకీ ఆమె ఎక్కడుంది తాతా అని అడిగాను. తనకు తెలియదన్నాడు. వాయిదా నాటికి కోర్టుకు వస్తే చాలు, అంతవరకు ఎక్కడుంటావో నాకు చెప్పొద్దని ఆమెకు ముందే చెప్పాడట. కేసుకు అక్కర లేనిది ఆయన ఎవరినీ అడిగేవాడు కాదట.

నాకు ఒళ్ళు మండింది. ఆ తెలియదనే మాటేదో వాళ్ళకే చెప్పి ఉంటే వేళ్ళు మిగిలేవి కదా అని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"తెలీదంటే తెలిసినోళ్ళను ఎతుక్కుంటా పోతారు పాపా," అన్నాడు తాత. "చెప్పనంటే నా ముందరే నిలబడి ఉంటారు."

అసలు సంగతి తరవాత బయటపడింది. కంటోన్మెంట్‌లో ఒక నర్సమ్మ ఆమెకు కట్టు కట్టి, తన ఇంట్లోనే దాచిందట. ఆ పొద్దున నర్సమ్మ డ్యూటీకి పోయింది, ఆమె ఒంటరిగా ఉంది. అవ్వ నోట కట్టు మాట విని, అది కట్టిందెవరో అప్పటికే ఆరా తీశారట. మా ఇంట్లో పని కాకపోతే వాళ్ళు నేరుగా ఆ నర్సమ్మ ఇంటికే పోవాలనుకున్నారని మొగుడే పోలీసుల దగ్గర కక్కాడు. వాయిదా నాడు ఆమె బతికి కోర్టుకు వచ్చింది. విడాకులు వచ్చాయి. తాత వేళ్ళు మాత్రం మళ్ళీ చక్కబడలేదు. ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు. అవ్వను ఒక్క మాట అనలేదు. అవ్వ ఆ తరవాత అందరికీ కాఫీ ఇచ్చేది గానీ ఎవరినీ ఏ ఊరని అడగలేదు. అరుగు మీద ఆమె మౌనం చూస్తే నాకు ఆ దెబ్బల కంటే ఎక్కువ బాధేసేది.

నేనూ వకీలునే అయ్యాను. జుట్టు నెరిసినా చిన్న ఆఫీసు నడుపుతున్నాను, ఇద్దరు జూనియర్లు, ఒక కంప్యూటర్. కట్టెలు పట్టుకుని ఇప్పుడు ఎవరూ రావడం లేదు, మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడవాళ్ళ ఆచూకీ కోసం ఫోన్లు చేస్తారు. కొరియర్ అంటారు, బ్యాంకు అంటారు, ఆమె అన్ననంటారు, అడ్రసు వాట్సాప్‌లో పెట్టమంటారు. మన దగ్గర లేదని చెప్పేస్తే గొడవుండదు కదా మేడం అంటారు మా పిల్లలు. గొడవుండదు, నిజమే. వాడు ఇంకో గడప వెతుక్కుంటాడు. అందుకే అలాంటి ఫోన్లు నేనే తీసుకుంటాను. నా పేరు చెప్పి, అడ్రసు నా దగ్గర ఉంది, ఇవ్వను అంటాను. మొన్న ఒకడు పళ్ళు కొరుకుతూ, మీ ఆఫీసు యాడుండాదో నాకు తెలుసు అన్నాడు. సంతోషం నాయనా, ఇంకెక్కడికీ పోకుండా నేరుగా ఇక్కడికే రమ్మన్నాను.