రీపు మాస్టారి పాఠం

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చెక్క కోసే రంపపు యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో అందరికీ ఆయన రీపు మాస్టారు. యంత్రం పనితనం చూపించడానికి జనం ముందు కోసే సన్నటి చెక్కపట్టీని వాళ్ళు రీపు అంటారు. అది మాస్టారి చేతిలో ఉందంటే ఎవరిదో ఒకరి పిక్క వాచినట్టే. ప్రదర్శనలకు వెళ్ళే స్టాలు సిబ్బందిని తయారుచేయడం పాతికేళ్ళుగా ఆయన పని. తయారుచేయడం అనేది మర్యాదకు వాడే మాట. ఆయన చేసేది ఉతికి ఆరేయడం.

ప్రదర్శనకు నెల ముందు గోడౌను ఖాళీ చేయించి, నేలమీద పసుపు టేపుతో తొమ్మిదడుగుల చదరం అంటించేవాడు. అదే స్టాలు. నలుగురిని నాలుగు మూలల్లో నిలబెట్టేవాడు. కుర్చీ ఉండదు. చేతులు కట్టుకోకూడదు. ఫోను ముట్టుకోకూడదు. తమలో తాము కబుర్లు చెప్పుకోకూడదు. మాట్లాడుతున్న కస్టమరు మీదనుంచి చూపు తిప్పకూడదు. ఆయన పిలవనిదే మూల వదలకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు, నవ్వు ఒక్కటీ ఒక ఎత్తు. ఎదురుగా గోడకు నిలువెత్తు అద్దం ఆనించి, ఆయన వాళ్ళ వెనకాల తిరుగుతూ అందులో నాలుగు మొహాలూ చూసేవాడు. ఎవరి మొహంలోనైనా నవ్వు జారిందా, వెనకనుంచి పిక్కమీద రీపు దెబ్బ. దెబ్బ పడగానే నవ్వాలి. నవ్వకపోతే రెండోది, సరిగ్గా అదే చోట.

కుర్రతనంలో ఒక కస్టమరు తన మొహాన ఉమ్మేశాడనీ, తుడుచుకోకుండా నవ్వాననీ, ఆ మనిషే సాయంత్రం తిరిగొచ్చి రెండు యంత్రాలు కొనుక్కుపోయాడనీ ప్రతి బ్యాచికీ చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు ఆయన ఛాతీ బెత్తెడు పెరిగేది. నవ్వు తర్వాత ఆయనకున్న రెండో గొప్ప కిటుకు, యంత్రానికి ఉండే గార్డు విప్పేయడం. చేతులు తెగకుండా బ్లేడు మీద ఇనుప మూత ఒకటి ఉంటుంది. మూత ఉంటే బ్లేడు కనపడదు, బ్లేడు కనపడకపోతే జనం ఆగరు అని ఆయన సిద్ధాంతం. అందుకని ప్రదర్శన జరిగినన్నాళ్ళూ గార్డు బల్లకింద అట్టపెట్టెలో పడుండేది. కొన్నవాళ్ళు దాన్ని మళ్ళీ ఎలా బిగించుకుంటారు, అసలు బిగించుకుంటారా అన్నది ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు.

ఈసారి బ్యాచిలో ఆయన సొంత మేనకోడలు ఉంది. సోఫాలకు గుడ్డలు కుట్టే దుకాణంలో పనిచేసే చెల్లెలు ఆ పిల్లను వెంటబెట్టుకొచ్చింది. మూడు చోట్ల పనికి పెడితే మూడు చోట్లా యజమానులకు ఎదురు చెప్పి వచ్చేసిందట. దీనికి నోరెక్కువ, ఓర్పు తక్కువ, నీ చేతుల్లో పెడుతున్నాను అన్నయ్యా అంది. మాస్టారికి పిల్లల్లేరు. ఉన్న ప్రాణమంతా ఈ మేనకోడలి మీదే. పైగా ఆయన మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈ ప్రదర్శన సవ్యంగా జరిగితే శిక్షణ పని ఆ అమ్మాయికే రాసిస్తానని ఓనరు మాటిచ్చాడు. ఆ కాగితం ఆమె చేతిలో పడితే చాలు, ఇక తను ఇంటిపట్టున కూర్చోవచ్చని ఆయన ఆశ. తనవాళ్ళని వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదు కదా, అందుకే అందరికీ ఒకటి పడితే ఆమెకు మూడు పడేవి.

మొదటిరోజు ఆమె ఆయన చేతిలో రీపు లాక్కుని రెండు ముక్కలు చేసి కాళ్ళదగ్గర పారేసింది. తక్కిన ముగ్గురూ గుడ్లప్పగించి చూశారు. ఆయన ఇంకో రీపు తెచ్చాడు. రెండోరోజు ఆమె ఏడ్చింది. మూడో వారం వచ్చేసరికి దెబ్బ పడిన క్షణానికే పెదాలు విచ్చుకోవడం అలవాటైంది. నోరు కూడా పూర్తిగా కట్టుబడిపోయింది. మనిషి గాడిలో పడిందని మాస్టారు ఇంటికెళ్ళి చెల్లెలికి ఫోను చేసి మరీ మురిసిపోయాడు.

ప్రదర్శన రెండోరోజు మధ్యాహ్నం హాలంతా ఇసకేస్తే రాలనంత జనం. మాస్టారు ఎప్పట్లాగే నడవకు అవతల, స్టాలుకు ఎదురుగా నిలబడి తప్పులు పట్టుకుంటున్నాడు. పక్కన ఓనరు ఉన్నాడు. మేనకోడలు యంత్రం పక్కన నిలబడి ఒక ముసలాయనకు బ్లేడు గురించి వివరిస్తోంది. బ్లేడు తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి కాగితం సిద్ధమవుతుందని ఓనరు అన్నాడు.

అప్పుడే ఒక వడ్రంగి స్టాల్లోకి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, కుడిచేతికి మురికి కట్టు ఉంది. అమ్మాయిని రెండుసార్లు పిలిచాడు. ముసలాయన మీదనుంచి చూపు తిప్పకూడదు కాబట్టి ఆమె తిరగలేదు. మూడోసారి వాడు పిలవలేదు. పక్కన పేర్చి ఉన్న రీపుల్లోంచి ఒకటి ఎడంచేత్తో లాగి, వెనకనుంచి ఆమె పిక్కలమీద ఒక్కటిచ్చాడు.

జనం అడ్డం ఉండి మాస్టారికి ఆ దెబ్బ కనపడలేదు. ఆయనకు కనపడింది మేనకోడలి మొహం ఒక్కటే. ఆమె చక్కగా, పళ్ళు కనపడేలా నవ్వుతూ వెనక్కి తిరిగింది.

"చూశారా సార్," అన్నాడాయన ఓనరుతో. "ఇప్పుడిక నాతో పనిలేదు."

ఆ నవ్వు చూసి వడ్రంగి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కట్టు పళ్ళతో పట్టి పీకేసి, రెండు వేళ్ళు లేని చేతిని ఆమె మొహం మీదకు తెచ్చాడు. పోయిన ఏడు ఇదే స్టాల్లో యంత్రం కొన్నాడు. ఇక్కడ ఎలా వాడి చూపించారో అలాగే, మూత లేకుండా వాడాడు. అదంతా వాడు అరుస్తూ చెబుతుంటే ఆమె భయంతో బిగుసుకుపోయింది. పెదాలు మాత్రం విచ్చుకునే ఉన్నాయి.

"నా చెయ్యి చూసి నవ్వుతున్నావా? నీకిది నవ్వులాటగా ఉందా?"

రీపు అడ్డంగా తిప్పి మొహం మీద కొట్టాడు. పెదవి చీలింది. రక్తం గడ్డం మీదుగా కంపెనీ చొక్కామీద కారింది. దెబ్బ పడేసరికి ఆమె మళ్ళీ నవ్వింది. మళ్ళీ కొట్టాడు. రీపు విరిగిపోయింది. వాడు ముక్క పారేసి, ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని తిరుగుతున్న బ్లేడు వైపు ఈడ్చాడు. తక్కిన ముగ్గురూ తమ తమ మూలల్లో, చేతులు కట్టుకోకుండా, కస్టమర్ల వంక చూస్తూ నిలబడి ఉన్నారు. ఒకడికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. మాస్టారు పిలవలేదు కదా.

మాస్టారు ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. మొరాయించే మోకాళ్ళతో నడవ దాటి, ఇద్దరిని కిందపడేసి, యంత్రం వైరు పట్టి గోడలోంచి పీకేశాడు. బ్లేడు ఆగేసరికి ఆమె వేళ్ళు దానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ తర్వాత ఆయన వడ్రంగి మీద పడ్డాడు. చేతికందిన రీపుతో తలమీద, భుజాలమీద, అడ్డం పెట్టిన ఆ వేళ్ళులేని చేతిమీద కూడా కొట్టాడు. వాడు కిందపడ్డాక కూడా కొట్టాడు. నలుగురు పట్టుకుని వెనక్కి లాగితే గానీ ఆగలేదు.

వడ్రంగి చెంప నేలకానించి, రక్తం ఉమ్ముతూ ఆయన్ని గుర్తుపట్టాడు.

"నువ్వే కదా మూత తీసి చూపించింది," అన్నాడు. "ఒక్క దెబ్బ కొట్టి పోదామనుకున్నాను. ఆ పిల్ల ఎందుకు నవ్వింది?"

పోలీసులు వాణ్ణి తీసుకుపోయారు. ఓనరు కాగితం సంగతి ఎత్తలేదు, స్టాలుకు గుడ్డ కప్పించాడు. వాడి ప్రశ్న మాత్రం ఆసుపత్రి దాకా మాస్టారి వెంట వచ్చింది. కస్టమరు ముందు నవ్వమన్నాడు నిజమే, ఉమ్మినా నవ్వమన్నాడు నిజమే. కానీ ఈ పిల్ల రీపును విరిచి పారేసిన పిల్ల. ముక్కూమొహం తెలియని వాడు కొడితే, తిరిగి కొట్టకుండా నవ్వడమేమిటి?

చెల్లెలు దుకాణంలోంచి అలాగే, జుట్టునిండా దారం ముక్కలతో వచ్చింది. కూతురి మొహానికి ఏడు కుట్లు పడ్డాయి. వాడి చేతులు పడిపోను, వాడి వంశం నాశనమైపోను అని శాపాలు పెడుతూ, ఇంకెక్కడైనా తగిలిందేమోనని కూతురి ఫ్యాంటు మోకాళ్ళదాకా పైకి జరిపింది. జరిపి ఆగిపోయింది. పిక్కలమీద ఎర్రటి చార ఒకటి తాజాగా ఉంది. దానికింద నీలంవి, పచ్చబారినవి, మానుతున్నవి, లెక్కలేనన్ని ఉన్నాయి.

"ఇవన్నీ ఇవాళ్టివేనా?" అంది చెల్లెలు.

కూతురు గోడవైపు చూసింది. మాస్టారు ఊరుకుంటే ఆ నీలాలు కూడా వడ్రంగి ఖాతాలో పడిపోయేవి. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది కూడా.

"ఎర్రది వాడిది," అన్నాడు. "తక్కినవన్నీ నావి."

చెల్లెలు లేచి ఆయన చెంప పగలగొట్టింది. ఇంకోటి కొట్టింది. మనిషిని చెయ్యమంటే చచ్చేదాకా కొట్టమన్నానా అని చొక్కా పట్టుకుని గోడకేసి గుద్దింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూడోది పడబోతుంటే మంచం మీదనుంచి మేనకోడలు తల్లి కొంగు పట్టుకుని లాగింది. కుట్లు పడ్డ పెదవితో మాట పెగలడమే కష్టంగా ఉంది.

"వాడు వెనకనుంచి పిక్కమీద కొట్టాడు మామయ్యా," అంది. "నువ్వే అనుకున్నాను. అందుకే నవ్వాను."