బాల్ లాకా, పిన్ లాకా?

ఇంతవరకు నా గోడు ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా నోవై ఊళ్ళో ఇంట్లోనే బీరు కాచుకునే తెలుగువాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నా ప్రశ్నలకు జవాబులు రావు. ఒకాయన కుక్కర్ గాస్కెట్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే, అది బీరు గ్రూపే అయినా, గంట తిరక్కుండా ఫోటోలు, సైజులు, షాపుల దారులు వచ్చిపడ్డాయి. నా బీరు ఎందుకు పులిసిపోయిందని నేను అడిగితే, దాని కింద ఎవరిదో పెళ్ళిరోజు కేకు ఫోటో వచ్చింది. మర్యాదస్తుణ్ణి కాబట్టి శుభాకాంక్షలు చెప్పాను. నాకు తిరిగి థాంక్స్ కూడా రాలేదు.

గ్రూపు అడ్మిన్ నా పాత రూమ్మేట్. ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం, ఇప్పటికీ ఒకళ్ళనొకళ్ళం మామా అనే పిలుచుకుంటాం. మొదట్లో నేను బీరును సీసాల్లో పట్టేవాణ్ణి. సీసాలో పడితే అడుగున మడ్డి పేరుకుంటుంది. పార్కులో తలా ఒకటి వండుకొచ్చిన పాట్‌లక్‌కి ఎంతో ఆశగా తీసుకెళ్తే, పేపర్ ప్లేట్లు గాలికి ఎగిరిపోకుండా అతను నా సీసా ఒకటి తీసి వాటి మీద పెట్టాడు. “మంచి బరువుంది మామా” అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ రోజే సీసాలు మానేసి కెగ్‌కి మారాలని నిశ్చయించుకున్నాను. కెగ్ అంటే సన్నగా, పొడుగ్గా ఉండే స్టీలు క్యాన్. దాని నెత్తిన పెద్ద మూత ఒకటి, పక్కన రెండు చిన్న మూతులుంటాయి. ఒకదాన్లోంచి గ్యాస్ లోపలికి పోతుంది, రెండోదాన్లోంచి బీరు బయటికి వస్తుంది. ఆ మూతులకు తగిలించే బిగింపుల్లో బాల్ లాక్, పిన్ లాక్ అని రెండు రకాలు. ఒక రకం బిగింపు రెండో రకం కెగ్‌కి పట్టదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడిగాను.

నేను సంగతి చెప్పగానే అడ్మిన్ ధైర్యం చెప్పాడు. “కెగ్ ఒక్కటి నువ్వు కొనుక్కో మామా. గ్యాస్, పైపులు, ట్యాపు అన్నీ మా డెక్ మీద ఉన్నయ్. సమ్మర్ పార్టీల నీ బీరు అందరికి ట్యాపుల నుంచే పోస్తా.”

నాకు కావలసింది అంతే. పేపర్ ప్లేట్లకు బరువుగా పనికొచ్చిన నా బీరు ట్యాపులోంచి నురగలు కక్కుతూ దిగాలి, ఆ నవ్విన మొహాలే గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడాలి.

గ్రూపులో స్పష్టంగా రాశాను: “ఫస్ట్ కెగ్ కొంటున్నాను. అడ్మిన్ గారి సెటప్‌కి ఏది తీసుకోవాలి? బాల్ లాకా, పిన్ లాకా?” అందరూ చదివారు, నీలం టిక్కులు పడ్డాయి. ఒకాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇదా అదా అని అడిగితే బొటనవేలేమిటి? ఎప్పటికో అడ్మిన్ జవాబిచ్చాడు: “అదే బెస్ట్ మామా.”

ఏది? మళ్ళీ అడిగాను. పలకలేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ వచ్చింది. నా ప్రశ్నలో చివరి మాట పిన్ లాక్. దాని కిందే అతని జవాబు. కాబట్టి “అదే” అంటే పిన్ లాకే. తెలుగు వచ్చినవాడెవడైనా ఇలాగే అనుకుంటాడు. ఊళ్ళోనే ఒకాయన వాడిన కెగ్ అమ్ముతున్నాడంటే వెళ్ళి పిన్ లాక్ తెచ్చుకున్నాను. ధనియాలు, నారింజ తొక్క వేసి గోధుమ బీరు కాచాను. గ్యాస్ పుట్టడానికి కాస్త చక్కెర కలిపి కెగ్‌లో పోసి, బేస్‌మెంట్‌లో పెట్టి కాపలా కాశాను. పార్టీ రోజున దాన్ని కారు వెనక సీట్లో నిలబెట్టి సీట్ బెల్ట్ పెట్టాను. తను ఎక్కినప్పుడు నేనెప్పుడూ అంత నెమ్మదిగా డ్రైవ్ చేయలేదంది మా ఆవిడ.

వాళ్ళ ఇంటి వెనక చెక్క డెక్ మీద అందరి ముందూ అడ్మిన్ పైపు తెచ్చి మూతి మీద నొక్కాడు. పట్టలేదు. తిప్పి నొక్కాడు, పట్టలేదు. అతనివన్నీ బాల్ లాక్ బిగింపులు.

“పిన్ లాక్ ఎవడు కొనమన్నడు మామా? ఒక్క మాట అడగొచ్చు గదా.”

ఫోన్ తీసి నా ప్రశ్న, అతని జవాబు చూపించాను. అతను చదివి, ఏమాత్రం తొణక్కుండా తీర్పు చెప్పాడు. “నువ్వు ఫస్ట్ చెప్పింది అది, లాస్ట్ చెప్పింది ఇది. పిన్ లాకైతే ఇదే బెస్ట్ అంటుంటి. అదే అన్న అంటే దూరమున్నది, బాల్ లాక్.”

పక్కనున్న గుంటూరాయన ఆలోచించి, వ్యాకరణం ప్రకారం అడ్మినే కరెక్టన్నాడు. నేను అడిగినప్పుడు ఈ వ్యాకరణమంతా ఎక్కడికి పోయిందో!

కెగ్‌ని అలాగే ఇంటికి తీసుకుపోతానన్నాను. అడ్మిన్ భార్య ఒప్పుకోలేదు. మూత మీది రింగు లాగి గ్యాస్ వదిలేసి, మూత తీసి గరిటెతో పోద్దామంది. రింగు లాగితే బుస్సుమంది.

“ఎన్నో విజిల్ అన్నా ఇది?” అని గుంపులోంచి ఎవరో అడిగారు.

“మూడోది రాగానే దించెయ్యండి” అన్నారు ఇంకెవరో.

నా గోధుమ బీరును సాంబారు గరిటెతో తోడి గ్లాసుల్లో పోశారు. గరిటె అందనంత కిందికి దిగాక కెగ్ వంచి గిన్నెలోకి ఒంపారు. వరుసలో నిలబడ్డారు, నిజమే. రెండోసారీ నిలబడ్డారు. చుక్క మిగల్చలేదు. అంతా అయ్యాక అడ్మిన్ మూతి తుడుచుకుని “టేస్ట్ మస్తుంది మామా, గ్యాసే జర తక్కువైంది” అన్నాడు. మూత తీసి పెట్టిన బీరులో గ్యాస్ ఎక్కడుంటుంది?

ఆ మర్నాడు గ్రూపులో పార్టీ ఫోటోలు పెట్టారు. గరిటె పట్టుకున్న నా ఫోటోకి వచ్చినన్ని నవ్వులు ఈ గ్రూపులో ఇంకే ఫోటోకీ రాలేదు. బీరు బాగుందని మాత్రం ఒక్కరూ రాయలేదు.

ఇప్పుడు కొత్త బీరు పులుస్తోంది. పిన్ లాక్ మూతులు తీసేసి బాల్ లాక్ మూతులు బిగించుకోవచ్చా, లేక కెగ్గే మార్చాలా అని గ్రూపులో అడిగాను. అందరూ చదివారు, మళ్ళీ ఎవరూ పలకలేదు. అడ్మిన్ ఇది కూడా చదువుతాడని నాకు తెలుసు. మామా, మూతులు మార్చాలా, కెగ్ మార్చాలా? శనివారం లోపల గ్రూపులోనే, అందరికీ కనబడేలా, ఆ వస్తువు పేరు పెట్టి జవాబు రాయి.